కెమిస్ట్రీ డిపార్ట్‌మెంట్ నోటీసు బోర్డు: దేనికి చేయెత్తాలి?

మొన్న ఎమ్మెస్సీ చివరి సెమిస్టర్ కుర్రాడొకడు ఫోన్లో నాలుగు ఫోటోలు పట్టుకొని నా దగ్గరికి వచ్చాడు. నాలుగూ డిపార్ట్‌మెంట్ బోర్డు మీద ఆ వారం పెట్టిన నోటీసులే. ఒకటి ఏడాది ప్రాజెక్ట్ అసిస్టెంట్ పోస్టు. రెండోది కొత్తగా చేరిన ఒక మేడమ్ ల్యాబ్‌లో పీహెచ్‌డీ సీటు. మూడోది ఒక కంపెనీ డబ్బుతో నడిచే పీహెచ్‌డీ. నాలుగోది ఎన్‌ఎంఆర్ (పెద్ద అయస్కాంతంతో అణువుల నిర్మాణం చూపించే పరికరం) రూమ్‌లో టెక్నికల్ ఉద్యోగం.

"అన్నా, వీటిలో ఏది పెద్దది?" అన్నాడు.

ఆ వయసులో నేనూ అదే అడిగాను. పోస్టు పేరు, స్టైపెండ్ అంకె చూసి ఒక ప్రాజెక్టులో చేరిపోయాను. నోటీసులో "కొత్త క్యాటలిస్టుల రూపకల్పన" అని రాసి ఉంది, క్యాటలిస్టు అంటే రియాక్షన్‌ను వేగంగా నడిపించే పదార్థం. చేరాక ఏడు నెలలు నేను చేసింది ఒకే ఒక్క స్టార్టింగ్ మెటీరియల్. పొద్దున సిలికా కలిపి కాలమ్ (మిశ్రమంలోని పదార్థాలను విడదీసే గాజు గొట్టం) నింపడం, కింద కారే భాగాలను, అంటే ఫ్రాక్షన్లను, టెస్ట్ ట్యూబుల్లో పట్టడం, ఏ ట్యూబులో ఏముందో చూపించే టీఎల్‌సీ ప్లేటు మీద వరసగా చుక్కలు పెట్టి యూవీ ల్యాంపు కింద చూడటం, ఒకే స్పాట్ వచ్చిన ట్యూబులన్నీ ఒక ఫ్లాస్కులో పోసి, సాల్వెంట్‌ను ఆవిరి చేసే రోటాకి ఎక్కించడం. సాయంత్రానికి ఒక గ్రాము తెల్లటి పొడి వచ్చేది, అదృష్టం బాగుంటే గ్రామున్నర. సీసాలో పోసి, లేబుల్ అంటించి, పక్క బెంచీ పీహెచ్‌డీ విద్యార్థికి ఇచ్చేవాణ్ణి. క్యాటలిస్టు అతను చేసేవాడు. పేపర్ వచ్చాక చూస్తే నా పేరు ఆథర్లలో లేదు, చివర కృతజ్ఞతల పేరాలో ఉంది.

ఎవరినీ తప్పుపట్టను. చేరేముందు నేనేమీ అడగలేదు, అసలు ఏం అడగాలో నాకు తెలియదు. కాలమ్ మాత్రం ఇప్పటికీ కళ్లు మూసుకుని వేస్తాను.

అందుకే వాడితో అన్నాను, ముందు ఒక్కో నోటీసు పక్కన రెండు సంగతులు రాసుకో అని. ఆ పనిలో చేరితే పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీ చేతులు ఏం చేస్తుంటాయి? అక్కణ్ణుంచి వెళ్లిపోయే రోజున నీ వెంట ఏం వస్తుంది? ఈ రెంటికీ జవాబు నోటీసులో దొరకదు. వెళ్లి అడగాలి, కొన్ని అడగకుండానే చూడాలి.

వార్తలు ముందు, నోటీసులు తర్వాత

బోర్డు మీద అవకాశాల నోటీసులు ఒకవైపు, వార్తలు ఒకవైపు ఉంటాయి. కుర్రాళ్లు వార్తలు చదవరు. నిజానికి నోటీసు రావడానికి నెలల ముందే వార్త ఆ సంగతి చెప్పేస్తుంది. ఎవరిదో థీసిస్ డిఫెన్స్ ఫలానా తేదీన అని కాగితం పడిందంటే, ఆ ల్యాబ్‌లో త్వరలో ఒక బెంచీ ఖాళీ కాబోతోందని అర్థం. ఒక ప్రొఫెసర్‌కు పెద్ద గ్రాంటు వచ్చిందంటే మనుషులు కావాల్సి వస్తుంది. కొత్త మాస్ స్పెక్ట్రోమీటర్ (అణువుల బరువు తూచే పరికరం) దిగిందంటే దాన్ని చూసుకునే మనిషి కావాలి. ఒక సీనియర్ ప్రొఫెసర్ రిటైర్మెంట్ దగ్గరపడిందన్న వార్త కూడా అంతే ముఖ్యం, కాకపోతే అది హెచ్చరిక. ఆయన దగ్గర ఇప్పుడు చేరితే మీ థీసిస్ అయ్యేదాకా ఆయన ఉంటారా?

ఆ డిఫెన్స్‌కు వెళ్లి వెనక వరసలో కూర్చోండి. కెమిస్ట్రీ సగం అర్థం కాకపోయినా నష్టం లేదు. కష్టమైన ప్రశ్న వచ్చినప్పుడు గైడ్ తన విద్యార్థి వైపు ఎలా చూస్తున్నారో గమనించండి. ఆ ఒక్క గంటలో ల్యాబ్ గురించి తెలిసేది ఇంటర్వ్యూలో తెలియదు.

ప్రాజెక్ట్ అసిస్టెంటా, నేరుగా పీహెచ్‌డీయా

పీహెచ్‌డీ చేయాలా వద్దా అని ఇంకా తేలనివాళ్లకు ప్రాజెక్ట్ పోస్టు మంచిదే. ఏడాదిలో మీకే తెలిసిపోతుంది, రియాక్షన్ పదోసారి ఫెయిలైతే మీరు రాత్రి నిద్రపోగలరా లేదా అన్నది. అది తెలుసుకోవడానికి ఐదేళ్లు పెట్టడం కన్నా ఒక ఏడాది పెట్టడం మేలు. చేయాలని ఇప్పటికే తేల్చుకున్నవాళ్లు మాత్రం "ముందు ఇది చేసి చూద్దాం" అని ఒక ప్రాజెక్టు తర్వాత మరొకటి పట్టుకుంటూ పోవడం నాకు నచ్చదు. అలా నాలుగేళ్లు గడిచినవాళ్లను చూశాను. పని అంతా పీహెచ్‌డీ విద్యార్థి చేసేదే, డిగ్రీ మాత్రం ఉండదు.

చేరితే మొదటి వారంలోనే మూడు విషయాలు తేల్చుకోండి. గ్రాంటు ఇంకా ఎన్ని నెలలుంది? ఇంతే మొహమాటం లేకుండా రెండోది, నేను చేసిన పని పేపర్లో వస్తే నా పేరు ఆథర్లలో ఉంటుందా? మూడోది, ఇక్కడి పని తర్వాత పీహెచ్‌డీలోకి లెక్కకు వస్తుందా? ఇవి అడిగితే ఏమనుకుంటారో అని టెన్షన్ వద్దు. మంచి గైడ్ ఏమీ అనుకోరు. చిరాకు పడితే ఆ చిరాకే మీకు జవాబు.

కొత్త ల్యాబా, పాత ల్యాబా

అసలు తికమక ఎక్కువగా ఉండేది ఇక్కడే.

పాత ల్యాబ్‌లో అన్నీ అమరి ఉంటాయి. గాలి తగలకుండా పనిచేసుకునే గ్లవ్ బాక్స్ బాగా నడుస్తుంది, సాల్వెంట్లు ఎండబెట్టే పద్ధతి గోడకు అంటించి ఉంటుంది, ఏదైనా పాడైతే ఎవరికి ఫోన్ చేయాలో సీనియర్లకు తెలుసు. గైడ్ పేరు చెబితే బయట పదిమంది గుర్తుపడతారు, ఆ సిఫార్సు ఉత్తరానికి బరువుంటుంది. అయితే ఆ పేరున్న గైడ్ మీకు నెలకోసారి కనిపిస్తే గొప్ప. మీరు నేర్చుకునేదంతా మూడో ఏడు, నాలుగో ఏడు విద్యార్థుల దగ్గరే. కాబట్టి పాత ల్యాబ్‌ను ఎంచుకుంటున్నారంటే ఆ సీనియర్లను ఎంచుకుంటున్నారన్నమాట. వాళ్లెవరో కలవకుండా ఒప్పుకోవద్దు.

కొత్త ల్యాబ్‌లో గైడ్ స్వయంగా కోటు వేసుకుని బెంచీ దగ్గర నిలబడతారు. 1824లో జర్మనీలోని గీసెన్ యూనివర్సిటీలో చేరిన కెమిస్ట్ లీబిగ్ దగ్గరికి దేశదేశాల కుర్రాళ్లు వచ్చింది పాఠాలు వినడానికి కాదు, ల్యాబ్‌లో చేత్తో పనిచేస్తూ నేర్చుకోవడానికే. ఈనాటి రీసెర్చ్ గ్రూపుల పద్ధతికి మూలం ఆ ల్యాబే. కొత్తగా చేరిన ఫ్యాకల్టీ దగ్గర మొదటి ఇద్దరు ముగ్గురు విద్యార్థులకు ఆ భోగం ఇప్పటికీ దక్కుతుంది. దానికి చెల్లించే వెల కూడా ఉంది. మొదటి ఏడాది సగం డబ్బాలు విప్పడంతో, ఆర్డర్లు పెట్టడంతో, పంపుకు నూనె మార్చడంతో పోతుంది. మొదటి పేపర్ ఆలస్యమవుతుంది. కొత్త గైడ్‌కు తన ఉద్యోగం పర్మనెంట్ కావాలన్న ఒత్తిడి ఉంటుంది, అది మీ మీదికీ దిగుతుంది. ఒక్కోసారి ఆయన మరో యూనివర్సిటీకి వెళ్లిపోతారు కూడా, అప్పుడు మీరూ మూట సర్దుకోవాలి, లేదా ఉన్నచోటే వేరే గైడ్‌ను వెతుక్కోవాలి.

నా మొగ్గు ఎటో చెప్పేస్తాను. చేతిపని నేర్చుకోవాలన్న తపన ఉండి, ఆలస్యాన్ని ఓర్చుకోగలిగితే కొత్త ల్యాబ్. తొందరగా పూర్తి చేసి ముందుకు వెళ్లాలనుకుంటే, ఎవరూ చెప్పకపోయినా తనంతట తాను చేసుకుపోయే రకమైతే పాత ల్యాబ్.

పాత ల్యాబ్ విషయంలో ఒక లెక్క మాత్రం తీయండి. అక్కడ చివరగా పూర్తి చేసిన ఐదుగురికి ఎన్నేళ్లు పట్టింది, ఇప్పుడు ఎక్కడున్నారు, మధ్యలో వదిలేసి వెళ్లినవాళ్లు ఎంతమంది? పూర్తి చేసినవాళ్ల పేర్లు గైడ్ చెబుతారు. వదిలేసినవాళ్ల పేర్లు చెప్పేది కారిడార్.

ల్యాబ్‌లోకి ఒకసారి నడవండి

ఏ ల్యాబైనా సరే, చేరేముందు లోపలికి వెళ్లి ఐదు నిమిషాలు నిలబడండి. విషవాయువులను బయటికి లాగే ఫ్యూమ్ హుడ్ అద్దం కిందికి దించి ఉందా, లేక హుడ్ నిండా ఖాళీ సీసాలు పేర్చి స్టోర్‌రూమ్‌లా ఉందా? వేస్ట్ బాటిల్ మీద అందులో ఏమున్నదీ రాసి ఉందా? అందరూ రక్షణ కళ్లద్దాలు పెట్టుకున్నారా, లేక మిమ్మల్ని చూశాక పెట్టుకున్నారా?

దీన్ని చాదస్తం అనుకోకండి. 2008 డిసెంబరులో అమెరికాలోని యూసీఎల్‌ఏ యూనివర్సిటీలో 23 ఏళ్ల రీసెర్చ్ అసిస్టెంట్ ఒకామె సిరంజితో టెర్షరీ బ్యూటైల్ లిథియం తీస్తుండగా ప్లంజర్ ఊడి వచ్చేసింది. గాలి తగిలితే చాలు, దానంతటదే అంటుకునే పదార్థం అది. ఒంటి మీద ల్యాబ్ కోటు లేదు. కాలిన గాయాలతో 18 రోజుల తర్వాత ఆమె చనిపోయింది. కేసు కోర్టు దాకా వెళ్లింది, ఆ తర్వాత ఎన్నో డిపార్ట్‌మెంట్లు తమ నియమాలు తిరగరాసుకున్నాయి. ఆమె చేరి మూడు నెలలు కూడా కాలేదు. అంటే ప్రాజెక్ట్ అసిస్టెంట్‌గా చేరబోయే మీలాంటి మనిషే. ప్రమాదకరమైన రియేజెంట్ (రియాక్షన్‌లో కలిపే రసాయనం) మొదటిసారి వాడేటప్పుడు పక్కన ఎవరు నిలబడతారు అని అడగండి. "యూట్యూబ్‌లో వీడియో ఉంది చూసుకో" అన్న జవాబు వస్తే స్టైపెండ్ ఎంతైనా సరే ఆ గడప దిగిపోండి.

కంపెనీ డబ్బుతో పీహెచ్‌డీ

ఇందులో స్టైపెండ్ కాస్త ఎక్కువ ఉండొచ్చు, కొన్ని నెలలు కంపెనీ సైట్లోనే పనిచేసే వీలూ ఉంటుంది. అక్కడ నేర్చుకునేది యూనివర్సిటీలో ఎంత తిరిగినా దొరకదు. ఉదాహరణకు, వంద మిల్లీలీటర్ల ఫ్లాస్కులో ఒక రియాక్షన్ వేడెక్కితే కింద ఐస్ బాత్ పెడతాం, అయిపోతుంది. అదే రియాక్షన్ వంద లీటర్ల రియాక్టర్లో వేస్తే ద్రవం వెయ్యి రెట్లు పెరుగుతుంది, వేడిని బయటికి లాగే గోడ వైశాల్యం మాత్రం సుమారు వంద రెట్లే పెరుగుతుంది. వేడి పోయే దారి చాలదు. అందుకే రియేజెంట్‌ను ఎంత నెమ్మదిగా కలపాలన్నదే అక్కడ పెద్ద పరిశోధన. ఈ లెక్క ఒంటబట్టినవాణ్ణి ఏ ప్రాసెస్ కెమిస్ట్రీ గ్రూపైనా ఇష్టంగా తీసుకుంటుంది.

చిక్కల్లా కాగితాల్లో ఉంది. పేటెంట్ దరఖాస్తు పెట్టకముందే పేపర్‌గానో పోస్టర్‌గానో బయటపెడితే చాలా దేశాల్లో ఆ పేటెంట్ దక్కదు, కొత్తదనం పోయినట్టే లెక్క. కాబట్టి మీ రిజల్ట్ ఎంత బాగున్నా కంపెనీ వాళ్లు "ఆగండి" అంటే ఆగాలి. థీసిస్ కూడా కొంతకాలం లైబ్రరీలో ఎవరికీ ఇవ్వకుండా దాచిపెట్టొచ్చు. తర్వాత ఫ్యాకల్టీ ఉద్యోగానికి వెళ్లాలనుకునేవాళ్లకు ఇది గట్టి దెబ్బ, ఎందుకంటే అక్కడ చూసేది పేపర్లే. పరిశ్రమలోకే వెళ్తానన్నవాళ్లకు అంత నష్టం లేదు, పేటెంట్‌లో ఆవిష్కర్తగా పేరుంటే అదీ ఒక ఆస్తే.

సంతకం పెట్టేముందు ఒప్పందం చదవండి. మీకివ్వకపోతే అడిగి తీసుకుని చదవండి. మాన్యుస్క్రిప్టును కంపెనీ ఎన్ని రోజులు తన దగ్గర పెట్టుకోవచ్చో రాసి ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం, కంపెనీ మధ్యలో ఈ టాపిక్ మాకొద్దని తప్పుకుంటే మిగతా ఏళ్లకు డబ్బు ఎవరిస్తారు అన్నది. "అప్పుడు చూద్దాం" అంటే అది జవాబు కిందికి రాదు.

ఇన్‌స్ట్రుమెంట్ రూమ్

నేనిప్పుడు పనిచేసేది ఇక్కడే, కాబట్టి నా మాటను కాస్త తగ్గించి వినండి.

"మిషన్ ఆపరేటరా?" అని మా వాళ్లే చిన్నచూపు చూస్తారు. రోజు ఇలా గడుస్తుంది. పొద్దున్నే వచ్చి రాత్రి పెట్టిన శాంపిళ్ల స్పెక్ట్రాలు, అంటే మిషన్ గీసిచ్చిన గ్రాఫులు, చూడటం. ఎవరో పగిలిన ట్యూబ్ పెట్టి పోతే, మిషన్ లోపల శాంపిల్ కూర్చునే ప్రోబ్ శుభ్రం చేయడం. 400 మెగాహెర్ట్జ్ ఎన్‌ఎంఆర్ లోపలి సూపర్‌కండక్టింగ్ అయస్కాంతం 9.4 టెస్లా, అది మైనస్ 269 డిగ్రీల ద్రవ హీలియంలో మునిగి ఉండాలి, దాని చుట్టూ ద్రవ నైట్రోజన్. ఆ మట్టాలు తగ్గకుండా చూడటం చంటిపిల్లకు వేళకు పాలు పట్టడం లాంటిదే, పండగైనా సెలవైనా తప్పదు. మధ్యాహ్నం నుంచి జనం. సింథసిస్ వాళ్లు, పాలిమర్ వాళ్లు, బయోకెమిస్ట్రీ వాళ్లు, ఎవరి స్పెక్ట్రంలో ఎక్కడ అనుకోని పీక్ వస్తే వాళ్లు. ఒకే గైడ్ దగ్గర ఐదేళ్లు ఒకే టాపిక్ చేసినవాళ్లు చూడనన్ని రకాల కెమిస్ట్రీ ఏడాదిలో కళ్ల ముందు తిరుగుతుంది.

2002లో కెమిస్ట్రీ నోబెల్ పంచుకున్న కోయిచి తనాకాకు పీహెచ్‌డీ లేదు. ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ డిగ్రీతో షిమాడ్జు అనే పరికరాల కంపెనీలో చేరాడు. ఒకరోజు పొరపాటున కోబాల్ట్ పొడిలో గ్లిజరిన్ కలిసిపోతే, పొడి పారేయడానికి మనసొప్పక దాన్నే లేజర్ కింద పెట్టి చూశాడు. పెద్ద ప్రోటీన్ అణువులను విరగ్గొట్టకుండా తూచే దారి అక్కడ దొరికింది. ఈ కథ విని నోబెల్ వస్తుందని ఎవరూ చేరకండి. పరికరం దగ్గర కూర్చున్నవాడికి కూడా రీసెర్చ్ బుర్ర ఉండొచ్చని చెప్పడానికే ఇది.

ఇక్కడ చూసుకోవాల్సింది, పోస్టు కాంట్రాక్టా పర్మనెంటా, పైమెట్టు ఉందా, కొత్త మెథడ్లు ప్రయత్నించడానికి మిషన్ మీద మీకంటూ గంటలు ఇస్తారా అన్నది. ఆ గంటలు లేకపోతే మూడేళ్లలో మీరు నిజంగానే బటన్లు నొక్కే మనిషి అయిపోతారు.

ఇవేవీ వద్దు, బయటికి పోతానంటే

డిగ్రీ కాగానే కంపెనీలో చేరితే మళ్లీ రీసెర్చ్‌కు తలుపు మూసుకుపోతుందన్న భయం చాలామందికి ఉంది. విలియం పెర్కిన్ 1856లో, 18 ఏళ్ల వయసులో, క్వినైన్ చేయబోయి ఊదారంగు అద్దకం కనిపెట్టాడు. గురువు హాఫ్‌మన్‌కు ఇష్టం లేకపోయినా కాలేజీ వదిలి రంగుల ఫ్యాక్టరీ పెట్టాడు. ఫ్యాక్టరీ నడుపుతూనే కౌమరిన్ సింథసిస్ చేశాడు, ఇప్పటికీ పుస్తకాల్లో ఉన్న పెర్కిన్ రియాక్షన్ అదే. 1874లో, 36 ఏళ్లకు, వ్యాపారం అమ్మేసి పూర్తిగా రీసెర్చ్‌కు తిరిగొచ్చాడు. మన కాలానికి వస్తే, లిథియం అయాన్ బ్యాటరీకి 2019లో నోబెల్ పంచుకున్న అకిరా యోషినో 1972లో కంపెనీలో చేరాడు, డాక్టరేట్ తీసుకున్నది 2005లో.

తలుపు మూసుకుపోదు, కానీ బిగుసుకుంటుంది. క్వాలిటీ కంట్రోల్‌లో రోజూ అదే హెచ్‌పీఎల్‌సీ (శాంపిల్‌లో ఏవి ఎంతున్నాయో విడదీసి చూపే మిషన్), అదే మెథడ్. సాయంత్రం పని అయిపోయి మనసు ఖాళీగా ఇంటికెళ్లే సుఖం అందులో ఉంది, దాన్ని నేను తక్కువ చేయను. రీసెర్చ్‌కు తిరిగి రావాలని ఏమాత్రం ఉన్నా ఆర్ అండ్ డీ వైపు ప్రయత్నించండి.

సమ్మర్ ఇంటర్న్‌షిప్‌ల గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. ఎనిమిది వారాలంటే కన్నుమూసి తెరిచేలోగా అయిపోతాయి. పేరున్న ల్యాబ్‌లో గాజుసామాను కడగడం కన్నా, పేరులేని ల్యాబ్‌లో మీదంటూ ఒక చిన్న ప్రశ్న ఇచ్చేచోటికి వెళ్లండి. పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత చేసే రీసెర్చ్ పోస్టు) నోటీసు చదువుతున్నవాళ్లకు నా సలహా అక్కర్లేదు, ఒక్క ముక్క తప్ప. పీహెచ్‌డీలో చేసిన పనే మళ్లీ చేయించే చోటికి పోకండి.

ఇంతకీ ఆ కుర్రాడు. నాలుగు ఫోటోల్లో కంపెనీ పీహెచ్‌డీని వాడే పక్కన పెట్టాడు, ఒప్పందం చూపించమంటే చేరాక చూపిస్తామన్నారట. ప్రాజెక్ట్ పోస్టుకు గ్రాంటు ఇంకా ఐదు నెలలే ఉందని తేలింది. నా పక్కన ఒక పూట కూర్చుని శాంపిళ్లు పెట్టాడు, బాగానే ఉందన్నాడు కానీ మాటిమాటికీ గడియారం చూశాడు.

మర్నాడు కొత్త మేడమ్ ల్యాబ్‌కు వెళ్లాడు. సగం డబ్బాలు ఇంకా విప్పలేదట. ఆవిడ ష్లెంక్ లైన్‌కు (గాలి తగలకుండా రియాక్షన్లు చేసే గాజు గొట్టాల వరసకు) లీకు ఎక్కడుందో వెతుకుతూ ఉంటే వీడూ చేయి వేశాడు. ఆవిర్లను చల్లబరిచి పట్టే ట్రాప్ కింద ద్రవ నైట్రోజన్ పెట్టి, లైన్‌లోకి గాలి లీకవుతుండగా వదిలేస్తే లోపల నీలంగా ద్రవం కడుతుందని, అది ఆక్సిజన్ అని, సాల్వెంట్‌తో కలిస్తే పేలుతుందని ఆవిడ పక్కన నిలబడి చెప్పిందట. రెండు గంటలు పోయాక నా గదికి వచ్చాడు. దరఖాస్తు ఫారం అడిగి తీసుకుని కుర్చీలో కూర్చున్నాడు, మొదటి గడిలో పేరు రాసేసరికి కాగితం మీద వాక్యూమ్ గ్రీజు వేలిముద్ర పడింది.

"ఇంకో ఫారం ఉందా అన్నా?"

ఉన్నది అదొక్కటే. చేయి తుడుచుకుని దాని మీదే రాయమన్నాను.